చిట్టి లిస్ప్ డైరీ: ఈ % ఎవరిది?

శనివారం

నేను రాసుకుంటున్న చిట్టి అనే ప్రోగ్రామింగ్ భాషలో పేరులేని ఫంక్షన్ రాయాలంటే ఇప్పటిదాకా ఒకటే దారి, ఫన్. జాబితాలో ప్రతి సంఖ్యనీ రెట్టింపు చెయ్యాలంటే ఇలా రాయాలి:

    (మ్యాప్ (ఫన్ (వ) (* వ 2)) సంఖ్యలు)

ఇందులో అసలు పని (* వ 2) ఒక్కటే. వ అనే పేరుకి అర్థమేమీ లేదు, ఏదో ఒకటి పెట్టక తప్పదు కాబట్టి పెట్టాను. స్టాండర్డ్ లైబ్రరీ ఫైలు మొదటి నుంచీ తిరగేస్తే ఇలాంటి ఒంటి అక్షరాల పేర్లే కుప్పలుగా కనిపిస్తున్నాయి. పేరు పెట్టినా చదివేవాళ్ళకి కొత్తగా ఏమీ తెలియని చోట, పేరు అడగని పొట్టి రూపం ఒకటి కావాలి. ఈ డైరీ దాని గురించే.

చిట్టి గురించి రెండు ముక్కలు. సరదాకి రాసుకుంటున్న చిన్న లిస్ప్ ఇది. కోర్ సీ భాషలో ఉంది. రీడర్ (రాసిన అక్షరాల్ని చదివి కోడ్ చెట్టుగా మార్చేది), మాక్రోలు (నడిచే ముందే కోడ్‌ని ఇంకో కోడ్‌గా మార్చేవి, అంటే ఎక్స్‌పాండ్ చేసేవి) చిట్టిలోనే ఉన్నాయి. పేర్లన్నీ తెలుగు లిపిలో. శేషానికి శేషం అనే ఫంక్షనే ఉంది కాబట్టి % గుర్తు ఖాళీగా పడి ఉంది. ఇంకొకటి, ఆర్గ్యుమెంట్ల (ఫంక్షన్‌కి ఇచ్చే విలువల) లెక్క దగ్గర చిట్టి చాలా స్ట్రిక్టు. రెండు తీసుకునే ఫంక్షన్‌కి మూడు ఇస్తే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. ఈ పట్టుదల ముందు ముందు చాలాసార్లు అడ్డం రాబోతోంది.

పని మొదలుపెట్టే ముందు మిగతావాళ్ళు ఏం చేశారో చూశాను. పేరులేని ఫంక్షన్‌కి వాడే లాంబ్డా అనే మాట గణితవేత్త అలోంజో చర్చ్ 1930లలో కట్టిన లెక్కల పద్ధతి నుంచి వచ్చింది. లిస్ప్ సృష్టికర్త మెకార్థీ దాన్ని లిస్ప్‌లోకి తెచ్చుకున్నాడు, 1960 నాటి ఆయన పేపర్లో కనిపిస్తుంది. అప్పటి నుంచీ దాన్ని పొట్టిగా రాసే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. ఆర్క్‌లో చదరపు బ్రాకెట్లు పెట్టి [+ _ 1] అంటే చాలు. క్లోజర్ భాషలో #(+ % 1). రెండో ఆర్గ్యుమెంట్ కావాలంటే %2, మిగిలినవన్నీ కావాలంటే %&. జానెట్‌లో |(+ $ 1). ఫెనెల్‌లో #(+ $ 1). లిస్ప్ కాకపోయినా ఎలిక్సిర్‌లో &(&1 + 1) ఉంది, స్విఫ్ట్‌లో $0 ఉంది, కోట్లిన్‌లో ఇట్ ఉంది.

స్కాలాలో _ గీత దారి వేరు. అక్కడ ఒక్కో _ ఒక్కో కొత్త ఆర్గ్యుమెంట్. _ + _ అంటే రెండు తీసుకునే ఫంక్షన్. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది కానీ ఒకే విలువని రెండుసార్లు వాడాలంటే, అంటే వర్గం లాంటిది రాయాలంటే, కుదరదు. పైగా ఫంక్షన్ ఎక్కడ మొదలైందో చూపించే గుర్తు లేదు. map(foo(_)) లాంటి చోట, foo బ్రాకెట్ల లోపల _ ఒంటరిగా ఉందా, _ + 1 లాగా ఇంకేదైనా తోడుందా అన్నదాన్ని బట్టి ఫంక్షన్ హద్దు మారిపోతుంది. చదివేటప్పుడు ఆ రూలు గుర్తుపెట్టుకోవాలి. నాకు నచ్చలేదు. హద్దు కంటికి కనపడాలి.

కాబట్టి గుర్తుల విషయం ఇవాళే తేల్చేశాను. హద్దుకి #( ), ఆర్గ్యుమెంట్‌కి %. క్లోజర్ అలవాటు ఉన్నవాళ్ళకి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ ఉండదు.

    (మ్యాప్ #(* % 2) సంఖ్యలు)

ఆదివారం

ముందుగా అన్నిటికంటే తేలికైనది. ఆర్క్ పద్ధతిలో, ఒకే ఆర్గ్యుమెంట్‌తో, మామూలు మాక్రోగా:

    (మాక్రో చి (బాడీ)
      `(ఫన్ (%) ,బాడీ))

ఇంతే. ` గుర్తు (బ్యాక్‌కోట్) పక్కనున్నది టెంప్లేట్, అంటే కోడ్ అచ్చు, అందులో కామా ఉన్న చోట విలువ వచ్చి పడుతుంది. #( కనిపిస్తే (చి ( అని చదవమని రీడర్‌కి చెప్తే సరిపోతుంది. అయిదు నిమిషాల పని, లైబ్రరీలో సగానికి పైగా చోట్ల పనిచేసేస్తుంది కూడా. % అనే పేరుని మాక్రో కావాలనే బయటికి వదులుతోంది. లిస్ప్ లోకంలో ఇలాంటివాటిని అనఫోరిక్ మాక్రోలు అంటారు. ఈమాక్స్‌లో డ్యాష్ లైబ్రరీ ఇట్ అనే పేరుతో ఇదే చేస్తుంది.

కానీ ఇంకో మాక్రో మధ్యలోకి వస్తే కథ మారుతుంది. లైబ్రరీలో నాకు ఇలాంటిది ఒకటి ఉంది. జాబితాలో ప్రతి అంశాన్నీ ఒక విలువతో జతకట్టి ఇస్తుంది:

    (మాక్రో జతకట్టు (జాబితా విలువ)
      `(మ్యాప్ #(జత % ,విలువ) ,జాబితా))

దీన్ని వాడుకునేవాళ్ళు తమ కోడ్‌లో ఇలా రాశారనుకుందాం:

    #(జతకట్టు రంగులు (+ % 1))

రాసినవాళ్ళ మనసులో ఆ % తమ #( )కి వచ్చిన ఆర్గ్యుమెంట్. మాక్రో ఎక్స్‌పాండ్ అయ్యాక మిగిలేది ఇది:

    (ఫన్ (%)
      (మ్యాప్ (ఫన్ (%) (జత % (+ % 1))) రంగులు))

లోపలి ఫన్ బయటివాళ్ళ %ని ఎత్తుకుపోయింది. ఇప్పుడు రంగుకి 1 కలపబోతోంది. జతకట్టు లోపల #( ) ఉన్న సంగతి వాడేవాళ్ళకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసన్, డూబా 1986లో హైజీన్ గురించి రాసినప్పుడు పట్టుకున్నది సరిగ్గా ఈ జబ్బునే. మాక్రో లోపలి పేరు, మాక్రోని పిలిచినవాళ్ళ పేరు కలిసిపోకూడదు. మామూలు మాక్రోల్లో జెన్‌సిమ్ (ఇంకెక్కడా లేని పేరు పుట్టించే ఫంక్షన్) వాడి ఒక కొత్త పేరు పుట్టిస్తే గొడవ వదిలిపోతుంది. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు, ఎందుకంటే % అనే పేరు బయటికి కనిపించడమే ఈ మాక్రో పని.

రాకెట్ వాళ్ళు దీనికి సింటాక్స్ పారామీటర్లు అని ఒక పద్ధతి తెచ్చారు. అది మంచిదే, కానీ అది నడవాలంటే కింద హైజీనిక్ మాక్రో వ్యవస్థ మొత్తం ఉండాలి. చిట్టికి అంత స్తోమత లేదు.

సోమవారం రాత్రి

%2 కావాలి కాబట్టి చి మాక్రో ఎలాగూ సరిపోదు. బాడీలో ఏ ఏ %లు ఉన్నాయో వెతికి, అన్నిటికంటే పెద్ద సంఖ్య ఎంతో చూసి, అన్ని పారామీటర్లు పెట్టాలి. ఎప్పుడు వెతకాలి అన్నది ఇవాళ్టి ప్రశ్న. మూడు చోట్లు కనిపిస్తున్నాయి. రీడర్ అక్షరాలు చదువుతున్నప్పుడు, మాక్రో తన బాడీని అందుకున్నప్పుడు, లోపలి మాక్రోలన్నీ ఎక్స్‌పాండ్ అయిపోయాక.

మధ్యదానితో మొదలుపెట్టాను. మాక్రో తన బాడీని చెట్టులా నడుచుకుంటూ పోయి %లని ఏరుతుంది. రాయడం తేలికే. వెంటనే రెండు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది కోట్ (పక్కనున్నదాన్ని నడపకుండా ఉన్నదున్నట్టు ఉంచే ' గుర్తు):

    #(సమానమా % '%)

కోట్ లోపలిది డేటా, ఆర్గ్యుమెంట్ కాదు. సరే, కోట్ కనిపిస్తే లోపలికి వెళ్ళకు అని నేర్పించవచ్చు. రెండో చిక్కుకి అలాంటి అతుకు పడదు:

    #(వరుసగా
       (వ్యాఖ్య (ప్రింట్ %3))
       (+ % 1))

వ్యాఖ్య అనేది తన లోపల ఏం పెట్టినా పారేసే మాక్రో. నడిచే కోడ్‌లో %3 లేనే లేదు. కానీ మాక్రో చెట్టులో నడిచేటప్పటికి వ్యాఖ్య ఇంకా ఎక్స్‌పాండ్ కాలేదు కాబట్టి %3 కనిపిస్తుంది, ఫంక్షన్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు అంటగడుతుంది. చిట్టి అసలే స్ట్రిక్టు. మ్యాప్ ఒకటే ఇస్తుంది, ఎర్రర్ వస్తుంది.

అలాగైతే మూడో చోటుకి వెళ్దాం. ముందు బాడీ మొత్తాన్ని ఎక్స్‌పాండ్ చేసి, ఆ తర్వాత వెతుకుదాం. జానెట్ నడిచే దారి ఇదే. వ్యాఖ్య గొడవ మాయమైపోతుంది, కోట్ కూడా తేలిగ్గా తెలిసిపోతుంది. సిద్ధాంతపరంగా ఇదే శుభ్రమైన పద్ధతి అనిపించింది. దీనికే ఖాయం చేసుకునేవాణ్ణి, లైబ్రరీలోని డీబగ్ మాక్రో గుర్తుకు రాకపోయి ఉంటే:

    #(వరుసగా
       (డీబగ్ "రెండోది" %2)
       (+ % 1))

డీబగ్ మోడ్‌లో ఇది ప్రింట్‌గా మారుతుంది. రిలీజ్ మోడ్‌లో శూన్యంగా మారి మాయమవుతుంది. ఎక్స్‌పాండ్ అయ్యాకే లెక్కపెడితే, ఈ ఫంక్షన్ డీబగ్‌లో రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది, రిలీజ్‌లో ఒకటే తీసుకుంటుంది. డీబగ్‌లో నడిచిన ప్రోగ్రాం రిలీజ్‌లో విరిగిపోతుంది. బగ్ వెతుకుదామని డీబగ్ ఆన్ చెయ్యగానే బగ్ కనపడకుండా పోతుంది. ఇంతకంటే టెన్షన్ పెట్టే బగ్ ఇంకోటి ఉండదు.

ఇంకో కోణం కూడా ఉంది. ఎక్స్‌పాండ్ అయ్యాక కనిపించే %ని చూసి ఎవరు రాశారో చెప్పలేం. ఏదో మాక్రో తన టెంప్లేట్‌లో ఉత్త % ఒకటి వదిలిందనుకోండి, అది కూడా నా #( ) ఖాతాలోకే వచ్చి పడుతుంది. ఆదివారం నాటి జబ్బే ఇంకో తలుపు గుండా వచ్చింది.

రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా మనసు ఇటే మొగ్గుతోంది: ఫంక్షన్ ఎన్ని ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుందో, ఏ % ఏ #( )కి చెందుతుందో స్క్రీన్ మీద ఉన్న అక్షరాలు చూసి చెప్పగలగాలి. మాక్రోలు ఏం చేస్తాయో తెలిస్తే గానీ లెక్క తేలదు అంటే పొట్టి రూపం వల్ల లాభమేంటి? అక్షరాలు చూసేది రీడర్ ఒక్కటే.

బుధవారం

రీడర్‌లోనే పెట్టాను. క్లోజర్ కూడా ఇలాగే చేస్తుంది. #( కనిపించగానే ఒక ఖాళీ పట్టిక తెరవాలి. లోపల చదువుతుండగా % ఎదురైతే ఆ సంఖ్యకి ఒక జెన్‌సిమ్ పుట్టించి పట్టికలో పెట్టి, % బదులు దాన్నే చెట్టులో ఉంచాలి. ముగింపు బ్రాకెట్ రాగానే పట్టిక చూసి పారామీటర్లు కట్టాలి.

    (నిర్వచించు *గూళ్ళు* శూన్యం)

    (నిర్వచించు (చదువు-చిన్నఫన్ ధార)
      (ఒకవేళ *గూళ్ళు*
        (రీడర్-ఎర్రర్ ధార "#( ) లోపల మరో #( ) కుదరదు"))
      (తాత్కాలికంగా ((*గూళ్ళు* (కొత్త-పట్టిక)))
        (లెట్ ((బాడీ (చదువు ధార)))
          `(ఫన్ ,(పారామీటర్లు *గూళ్ళు*) ,బాడీ))))

    (నిర్వచించు (చదువు-శాతం ధార)
      (లెట్ ((సం (శాతం-తర్వాతి-సంఖ్య ధార)))
        (ఇఫ్ *గూళ్ళు*
            (గూడు-తెచ్చు *గూళ్ళు* సం)
            (సింబల్ (కలుపు "%" సం)))))

తాత్కాలికంగా అనేది డైనమిక్ బైండింగ్, బాడీ చదవడం అయిపోగానే పాత విలువ తిరిగి వస్తుంది. #( ) బయట % మామూలు సింబల్‌గానే ఉండిపోతుంది.

ఆదివారం నాటి ఉదాహరణ ఇప్పుడు దానంతటదే నయమైంది. జతకట్టు టెంప్లేట్ లోపలి % ఆ ఫైలు చదివినప్పుడే గ1 అనే జెన్‌సిమ్ అయిపోయింది. వాడేవాళ్ళ % వాళ్ళ ఫైలు చదివినప్పుడు గ9 అయింది. మాక్రో ఎక్స్‌పాండ్ అయ్యే సమయానికి % అనే గుర్తు ఎక్కడా మిగల్లేదు, ఎత్తుకుపోవడానికి ఏమీ లేదు. హైజీనిక్ మాక్రో వ్యవస్థ లేకుండానే ఈ ఒక్క చోట హైజీన్ దొరికింది.

కోట్ సంగతి మిగిలింది. క్లోజర్‌లో #( ) లోపల '% రాస్తే కోట్‌లోకి కూడా జెన్‌సిమే పోతుంది, ఎవరూ ఊహించని వింత పేరున్న సింబల్ చేతికొస్తుంది. చిట్టిలో రీడరే ఆ కోట్ గుర్తుని చదువుతోంది కాబట్టి, కోట్ లోపలికి వెళ్ళేటప్పుడు *గూళ్ళు* శూన్యం చేసేస్తే సరి. లోపల % మామూలు సింబల్ అవుతుంది.

బ్యాక్‌కోట్ దగ్గర కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. బ్యాక్‌కోట్ లోపల కూడా మూసెయ్యాలి, కానీ కామా వచ్చిన చోట మళ్ళీ తెరవాలి. తెరిస్తే ఏ పట్టిక తెరవాలి? రూలు ఇలా పెట్టాను: బ్యాక్‌కోట్ మొదలైన క్షణంలో ఏ పట్టిక ఉందో దాన్ని గుర్తుపెట్టుకో, కామా దగ్గర అదే తిరిగి పెట్టు. ఇప్పుడు ఈ రెండూ చూడండి:

    #(లిస్ట్ `(+ ,% 1))

    `(మ్యాప్ #(జత % ,(లెక్క %)) ,జాబితా)

మొదటిదాంట్లో కామా పక్కన ఉన్న % బయటి #( )ది. సరిగ్గానే తగులుకుంటుంది. రెండోదాంట్లో మొదటి % టెంప్లేట్‌లోని #( )ది, లెక్క లోపలి % మాత్రం కాదు. ఆ లెక్క మాక్రో ఎక్స్‌పాండ్ అయ్యేటప్పుడు నడుస్తుంది, టెంప్లేట్‌లోని ఫంక్షన్ అప్పటికి పుట్టనే లేదు. దాని ఆర్గ్యుమెంట్ అప్పుడే ఎలా దొరుకుతుంది? మన రూలు ప్రకారం కామా దగ్గర బ్యాక్‌కోట్ బయటి పట్టిక, అంటే శూన్యం, తిరిగి వస్తుంది. % ఉత్త సింబల్ అవుతుంది, అలాంటి పేరు లేదని కంపైలర్ గట్టిగా చెప్తుంది. కోరుకున్నది ఇదే. ఏ కోడ్ ఏ దశలో నడుస్తుందో ఈ ఒక్క రూలే చూసుకుంటోంది, నాకు బాగా నచ్చిన భాగం ఇది.

(కోట్ %) అని పొడుగు రూపంలో రాస్తే మాత్రం రీడర్‌కి తెలియదు. అలా ఎవరూ రాయరు, వదిలేశాను.

వ్యాఖ్య లోపలి %3 ఇప్పుడు మళ్ళీ లెక్కలోకి వస్తుంది. దాన్ని అలాగే ఉంచి, రీడర్ స్థాయిలో ఇంకో సదుపాయం పెట్టాను. స్కీమ్‌లో #; అని ఒక గుర్తు ఉంది, పక్కనున్న ఒక్క ఫారంని రీడరే పారేస్తుంది. చిట్టిలో #; చదివేటప్పుడు కూడా *గూళ్ళు* శూన్యం చేస్తున్నాను. కాబట్టి #;(ప్రింట్ %3) అన్నది లెక్కకి రాదు. కంటికి కూడా అది కామెంట్‌లాగే కనిపిస్తుంది. వ్యాఖ్య అలా కాదు, మామూలు ఫంక్షన్ కాల్‌లా కనిపిస్తుంది, కాబట్టి లెక్కకి రావడం న్యాయమే.

గురువారం

నెస్టింగ్. కోడ్‌లో ఇప్పటికే ఎర్రర్ పెట్టాను, కానీ అలా ఎందుకు అని కాగితం మీద తేల్చుకోవాలి కదా.

#( ) లోపల #( ) వస్తే % ఎవరిది? ఆర్క్‌లోనూ కోట్లిన్‌లోనూ లోపలివాడిది, బయటి దాన్ని కప్పేస్తుంది. క్లోజర్, ఎలిక్సిర్ నెస్టింగ్‌నే ఒప్పుకోవు. నాకు ఇంకో ఆశ ఉండేది. % అంటే దగ్గరి #( )ది, %% అంటే ఒక మెట్టు పైది.

    #(మ్యాప్ #(* % %%) సంఖ్యలు)

పేర్ల బదులు ఎన్ని మెట్లు పైకి వెళ్ళాలో చెప్పడం డె బ్రాయిన్ 1972లో చూపించిన పద్ధతి. కంపైలర్ల లోపల అది బంగారం. పేర్లు ఢీకొనే సమస్యే ఉండదు. రీడర్‌లో పెట్టడం కూడా తేలికే, ఒక పట్టిక బదులు పట్టికల వరుస ఉంచితే చాలు. పెట్టి, లైబ్రరీలో కొన్ని ఫంక్షన్లు అలా తిరగరాసి చూశాను.

పైనున్న ఉదాహరణ బాగానే ఉంది. కానీ (తీసెయ్ % 10) అనే ముక్కని బయటి #( ) నుంచి కట్ చేసి లోపలి #( )లో పేస్ట్ చేస్తే, అక్షరం మారకుండానే అర్థం మారిపోయింది. అది (తీసెయ్ %% 10) కావాలి. మధ్యలోంచి ఒక #( ) తీసేస్తే కింద ఉన్నవన్నీ ఒక్కో % తగ్గించుకోవాలి. మెషిన్ ఈ సర్దుబాటు తప్పకుండా చేస్తుంది, మనుషులు చెయ్యలేరు. రెండు ఫంక్షన్లు ఒకదాంట్లో ఒకటి ఉన్నాయంటే అక్కడ కనీసం ఒక ఆర్గ్యుమెంట్‌కి పేరు పెట్టాల్సిన సమయం వచ్చిందన్నమాట. %% తీసేశాను.

లోపలి #( )లో % అసలు లేకపోతే ఒప్పుకోవచ్చు కదా అని కూడా అనిపించింది. వద్దు. రేపు ఎవరో లోపల ఒక % చేర్చగానే అప్పటిదాకా నడిచిన ఫైలు చదవడమే ఆగిపోతుంది. నిషేధం అంటే నిషేధమే. కాకపోతే ఎర్రర్ మెసేజ్ మీద శ్రద్ధ పెట్టాను. ఇప్పుడది ఇలా వస్తోంది:

    42వ వరుస: #( ) లోపల మరో #( ) కుదరదు.
    బయటిది 40వ వరుసలో మొదలైంది.
    రెండిట్లో ఒకదాన్ని (ఫన్ (పేరు) ...) గా రాయండి.

శనివారం

చిన్న చిన్న నిర్ణయాలు చాలా మిగిలిపోయాయి, ఇవాళ వాటన్నిటినీ కూర్చోబెట్టాను.

క్లోజర్‌లో #( ) అంటే ఎప్పుడూ ఒక కాల్. #(5) రాస్తే 5ని ఫంక్షన్‌గా పిలవబోయి కిందపడుతుంది. వెక్టర్ తిరిగి ఇవ్వాలంటే #([% 1]) పనికిరాదు, వెక్టర్ ఫంక్షన్‌ని పిలవాలి. ఫెనెల్‌లో # అనేది ఏ ఫారం ముందైనా వస్తుంది, #[$1 $2] నేరుగా జత కట్టి ఇస్తుంది. అది నాకు నచ్చింది. చిట్టిలో # తర్వాత (, [, {, % ఈ నాలుగిట్లో ఒకటి రావచ్చు. #[% (* % %)] సంఖ్యనీ దాని వర్గాన్నీ ఇస్తుంది. #% ఉన్నదాన్ని ఉన్నట్టే తిరిగిచ్చే ఫంక్షన్. #5, #పేరు మాత్రం వద్దన్నాను. ఫెనెల్‌కి కింద లువా ఉంది, ఎక్కువ ఆర్గ్యుమెంట్లు ఇచ్చినా పట్టించుకోదు కాబట్టి అక్కడ #5ని మ్యాప్‌కి ఇవ్వొచ్చు. చిట్టిలో #5 అంటే ఆర్గ్యుమెంట్లే లేని ఫంక్షన్, మ్యాప్‌కి పనికిరాదు.

%, %1 రెండూ ఒకటే. కానీ %2 ఉన్న చోట % రాయనివ్వడం లేదు, %1 అనే రాయాలి. (- % %2) చదివినప్పుడు మొదటిది ఏంటా అని కన్ను ఒక్క క్షణం ఆగుతుంది. రెండు ఆర్గ్యుమెంట్లు దాటితే #( ) వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం, అయినా %9 దాకా ఒప్పుకుంటున్నాను. మధ్యలో సంఖ్య దాటేస్తే, అంటే #(+ %1 %3) లాంటిదైతే, రెండోదాన్ని తీసుకుని పక్కన పడేస్తుంది. చివరి ఆర్గ్యుమెంట్‌ని పక్కన పడెయ్యడానికి మాత్రం దారి లేదు. అంశం, దాని సూచిక రెండూ ఇచ్చే మ్యాప్-సూచికకి #(ప్రింట్ %) ఇస్తే లెక్క కుదరదు. అక్కడ ఫన్ రాసుకోవాల్సిందే.

%0 అంటే ఆ ఫంక్షనే అనుకుని, తనని తాను పిలుచుకునే సదుపాయం ఇస్తే? నోరూరింది. కానీ తనని తాను పిలుచుకునే ఫంక్షన్‌కి పేరుండాలి, లేకపోతే చదివేవాళ్ళకి ఆ వలయం ఎక్కడ తిరుగుతుందో దొరకదు. వద్దు.

స్కీమ్‌లో 2002 నుంచి ఉన్న కట్ మాక్రో గురించి కూడా ఆలోచించాను. (కట్ + <> 1) అంటే <> ఉన్న చోట ఆర్గ్యుమెంట్ పడుతుంది. <> పైమెట్టులో మాత్రమే ఉండాలి, లోతుగా పెట్టకూడదు. అందుకే దానికి చెట్టులో వెతుకులాట అక్కర్లేదు, సోమవారం నాటి తలనొప్పి ఏదీ తగలదు. కానీ నాకు (* % (+ % 1)) లాంటివే ఎక్కువ. కట్‌కి తోడుగా క్యూట్ అని ఇంకోటి ఉంది. <> కాని ముక్కల్ని కట్ ప్రతి పిలుపుకీ మళ్ళీ లెక్కకడుతుంది, క్యూట్ ఫంక్షన్ పుట్టినప్పుడు ఒక్కసారే కట్టి ఉంచుకుంటుంది. ఈ తేడా #( )కీ వర్తిస్తుంది. #(+ % (పెద్ద-లెక్క)) రాస్తే పెద్ద-లెక్క ప్రతిసారీ నడుస్తుంది. ఒక్కసారి చాలనుకుంటే బయట లెట్‌లో పెట్టుకోవాలి. డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం రాశాను.

జెన్‌సిమ్‌లు బయటికి కనపడకుండా ప్రింటర్‌లో చిన్న మార్పు చేశాను. ప్రతి గూడూ తన అసలు పేరు గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి నిర్ధారించు మాక్రో విఫలమైతే (> గ17 0) అని కాకుండా (> % 0) అని చూపిస్తుంది. ఎర్రర్ ట్రేస్‌లో పేరులేని ఫంక్షన్‌కి ఫైలు పేరూ వరుస సంఖ్యా పేరుగా పడుతున్నాయి.

ఆదివారం

పైప్ మాక్రోతో ఒక ఇబ్బంది. చిట్టిలో -> మొదటి విలువని తర్వాతి ఫారంలో మొదటి ఆర్గ్యుమెంట్ స్థానంలో దూరుస్తుంది. (-> 5 (+ 1)) అంటే (+ 5 1). మరి ఇది?

    (-> 5 #(* % %))

రీడర్ దీన్ని (ఫన్ (గ1) (* గ1 గ1)) చేసి ఇస్తుంది. -> దాని లోపల 5 దూర్చి (ఫన్ 5 (గ1) (* గ1 గ1)) చేస్తుంది. కంపైలర్‌కి దాంట్లో పారామీటర్ల జాబితా ఉండాల్సిన చోట 5 కనిపిస్తుంది. క్లోజర్‌లో కూడా ఇదే జరుగుతుంది. అక్కడివాళ్ళు ఇంకో జత బ్రాకెట్లు చుట్టి (#(* % %)) అని రాయడం అలవాటు చేసుకున్నారు.

రీడర్‌లో ఎక్స్‌పాండ్ చెయ్యడానికి కట్టాల్సిన మూల్యం ఇది. ->కి చేరేసరికి #( ) ఆనవాలు లేదు, అది చూసేది ఉత్త ఫన్ జాబితా. కానీ ఆలోచిస్తే, ఫన్‌తో మొదలయ్యే జాబితాలో రెండో స్థానంలో విలువ దూర్చడం ఎవరికీ ఎప్పుడూ పనికిరాదు. అలాంటిది చెల్లుబాటయ్యే ప్రోగ్రాం ఒక్కటీ లేదు. కాబట్టి ->లో ఒక చిన్న షరతు పెట్టాను. ఫారం ఫన్‌తో మొదలైతే దూర్చకు, ఆ ఫంక్షన్‌ని విలువతో పిలువు. పొడుగు ఫన్ రాసినా ఇదే పనిచేస్తుంది, #( ) కోసమని ప్రత్యేక సడలింపు కాదు.

    (-> 5 #(* % %) (+ 1)), 26

తర్వాత స్టాండర్డ్ లైబ్రరీ తిరగరాశాను. మ్యాప్, ఫిల్టర్ దగ్గరున్న ఒంటి అక్షరాల పేర్లు దాదాపు అన్నీ పోయాయి. సార్ట్ కంపారేటర్లని మాత్రం ముట్టుకోలేదు:

    (సార్ట్ (ఫన్ (ఎడమ కుడి) (< (ధర ఎడమ) (ధర కుడి))) వస్తువులు)

దీన్ని #(< (ధర %1) (ధర %2)) చేస్తే పొట్టిగానే ఉంటుంది. కానీ పెద్దది ముందు రావాలా చిన్నది ముందు రావాలా అని చూసుకునేటప్పుడు ఎడమ, కుడి అన్న మాటలు సాయం చేస్తాయి, %1, %2 చెయ్యవు. మడత ఫంక్షన్‌కి ఇచ్చేవాటిని కూడా ఇందుకే వదిలేశాను. ఇప్పటిదాకా పోగైనది ఒకటి, కొత్తగా వచ్చిన అంశం ఒకటి అన్నప్పుడు ఏది ముందో గుర్తుంచుకోవడం నాకే కష్టం.

ఇంకా చెయ్యాల్సినది ఎడిటర్ ప్లగిన్. కర్సర్ ఒక % మీద పెడితే అది ఏ #( )దో రంగుతో చూపించాలి. నెస్టింగ్ లేదు కాబట్టి వెనక్కి వెతుక్కుంటూ పోయి, మొదట ఎదురైన ఇంకా మూయని # దగ్గర ఆగితే చాలు. కోట్లూ కామాలూ మాత్రం రీడర్ రూలు ప్రకారమే దాటాలి, ఆ ముక్క ఇంకా రాయాలి.